ఎస్‌ఓపీ, సిఫార్సు లేఖలు: పీజీ, పీహెచ్‌డీ దరఖాస్తుదారులు తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ విశ్వవిద్యాలయాల్లో ఎంఎస్‌కో పీహెచ్‌డీకో దరఖాస్తు చేసేవాళ్లకు, వాళ్లకు లేఖలు రాసిచ్చే అధ్యాపకులకు ఈ పేజీ. మొదటి సగం ఎస్‌ఓపీ (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఏం చదువుదామనుకుంటున్నారో, ఎందుకో చెప్పే వ్యాసం) గురించి, రెండో సగం సిఫార్సు లేఖల గురించి. అధ్యాపకులు నేరుగా "అధ్యాపకులకు" అని మొదలయ్యే ప్రశ్నకు వెళ్లవచ్చు.

స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, పర్సనల్ స్టేట్‌మెంట్ రెండూ ఒకటేనా?

కావు. కానీ చాలా విభాగాలు ఒకదాని పేరు పెట్టి రెండోదాన్ని అడుగుతుంటాయి. కాబట్టి పేరు చూసి రాయడం మొదలుపెట్టకండి, దాని కింద ఇచ్చిన ప్రశ్న చదవండి. ఏం చదువుదామనుకుంటున్నారు, అందుకు ఇప్పటిదాకా ఏం చేశారు అని అడిగితే అది ఎస్‌ఓపీ. మీ నేపథ్యం, ఎదురైన అడ్డంకులు, అవి మీ చదువు మీద చూపిన ప్రభావం అడిగితే పర్సనల్ స్టేట్‌మెంట్. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్కిలీ ఈ రెండూ విడివిడిగా అడుగుతుంది. అలాంటి చోట ఒకదాన్నే కాస్త మార్చి రెండుసార్లు అప్‌లోడ్ చేస్తే, మీ గురించి చెప్పుకోవడానికి ఇచ్చిన సగం చోటు పోగొట్టుకున్నట్టే. బ్రిటన్‌లో చాలా పీహెచ్‌డీ కోర్సులకు వీటితోపాటు పరిశోధన ప్రతిపాదన కూడా ఇవ్వాలి. అది పూర్తిగా వేరే పత్రం.

మా ఎస్‌ఓపీని ఎవరు చదువుతారు? ఏం చూస్తారు?

పీహెచ్‌డీకైతే మీకు గైడ్ కాగల ప్రొఫెసర్లే చదువుతారు. మాస్టర్స్‌కు విభాగం కమిటీ, కొన్నిచోట్ల అడ్మిషన్ సిబ్బంది. మొదటిసారి చదివేటప్పుడు ఒక్కో దరఖాస్తుకు దక్కేది కొద్ది నిమిషాలే. మార్కులు ట్రాన్‌స్క్రిప్ట్‌లో (కాలేజీ ఇచ్చే మార్కుల పట్టికలో) కనిపిస్తాయి, కోర్సులూ బహుమతులూ సీవీలో ఉంటాయి. వాటిని ఎస్‌ఓపీలో మళ్లీ వాక్యాలుగా పేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. చదివేవాళ్లకు కావాల్సినవి మూడు: ఈ అభ్యర్థికి ఏ సమస్య మీద పనిచేయాలో తెలుసా, ఆ పని చేయగలడనడానికి ఆధారం ఉందా, అది ఇక్కడే ఎందుకు చేయాలి.

ఈ మూడింటిలో రెండోదానికి మీ మాట ఒక్కటే చాలదు. సిఫార్సు లేఖలు అడిగేది అందుకే. మీరు ఏం చేశారో మీరు చెబుతారు, ఎంత బాగా చేశారో పక్కనుండి చూసినవాళ్లు చెబుతారు. ఈ పేజీలోని సలహాల్లో చాలావాటికి మూలం ఈ పని విభజనే.

ఎంత పొడవు ఉండాలి?

విభాగం చెప్పినంత. ఏమీ చెప్పకపోతే 800 నుంచి 1,000 పదాలు, అంటే సింగిల్ స్పేస్‌లో సుమారు రెండు పేజీలు. 500 పదాల పరిమితి పెట్టిన చోట 510 రాస్తే కొన్ని పోర్టల్స్ (దరఖాస్తు వెబ్‌సైట్లు) చివరి వాక్యాన్ని సగంలో కత్తిరించేస్తాయి, మీకు తెలియను కూడా తెలియదు.

వెయ్యి పదాల ఎస్‌ఓపీకి మేం సూచించే కొలత ఇది: మీ ఆసక్తి ఏమిటో సూటిగా చెప్పడానికి 100, చేసిన పనికి 500, ఆ విశ్వవిద్యాలయమే ఎందుకో చెప్పడానికి 250, తర్వాత ఏం చేద్దామనుకుంటున్నారో చెప్పడానికి 100. మిగిలిన 50 వదిలేయండి. మాకు వచ్చే డ్రాఫ్టుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఈ లెక్క తలకిందులు కావడం. బాల్యానికి 300 పదాలు, చేసిన పరిశోధనకు 80.

మొదటి పేరా ఎలా మొదలుపెట్టాలి?

"చిన్నప్పటి నుంచీ నాకు కంప్యూటర్లంటే ఇష్టం" అని మాత్రం వద్దు. మహనీయుల సూక్తులు, నిఘంటువు నిర్వచనాలు, "నేటి ఆధునిక యుగంలో" కూడా వద్దు. ఆ వాక్యాలు ఎవరి ఎస్‌ఓపీలోనైనా ఇమిడిపోతాయి, అదే వాటి లోపం. మీరు ఏ కోర్సుకు, ఏ అంశం మీద పనిచేయడానికి దరఖాస్తు చేస్తున్నారో మొదటి రెండు మూడు వాక్యాల్లో చెప్పేయండి. చప్పగా ఉందనిపిస్తే ఫరవాలేదు. వంద దరఖాస్తుల దొంతర ముందేసుకున్న ప్రొఫెసర్‌కు కావాల్సింది ఆ స్పష్టతే.

చేసిన ప్రాజెక్టు గురించి ఎలా రాయాలి?

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. ముందు సాధారణంగా కనిపించే రకం చూడండి:

"ఫైనల్ ఇయర్‌లో మెషిన్ లెర్నింగ్ ఉపయోగించి న్యుమోనియాను గుర్తించే ప్రాజెక్టు చేశాను. దీనివల్ల ఎన్నో కొత్త విషయాలు నేర్చుకున్నాను. టీమ్‌లో పనిచేయడం, సమయపాలన అలవడ్డాయి."

ఇప్పుడు అదే ప్రాజెక్టు ఇంకో రకంగా (అంకెలు ఉదాహరణ కోసం వేసినవి):

"ఎక్స్‌రేల్లో న్యుమోనియాను గుర్తించడానికి మేం తయారుచేసిన మోడల్ మా దగ్గరున్న డేటా మీద 94 శాతం సరిగ్గా చెప్పింది. మరో ఆస్పత్రి ఎక్స్‌రేలు ఇస్తే 71కి పడిపోయింది. కారణం వెతికే పని నేను తీసుకున్నాను. మోడల్ ఏ భాగాన్ని చూసి నిర్ణయిస్తోందో గుర్తులు పెట్టి చూస్తే, ఊపిరితిత్తులకన్నా ఫిల్మ్ మూలనున్న ఆస్పత్రి ముద్రకే ఎక్కువ విలువ ఇస్తోందని తేలింది. మూలలు కత్తిరించి మళ్లీ ట్రెయిన్ చేస్తే 83కి చేరింది. మిగిలిన 11 శాతం తేడా దేనివల్లో తేల్చలేకపోయాను. డేటా మూలం మారితే మోడళ్లు ఎందుకు తడబడతాయన్న ప్రశ్న మీదే పనిచేయాలని ఉంది."

రెండోదాంట్లో "కష్టపడే స్వభావం", "ఆసక్తి", "పట్టుదల" అన్న మాటలు ఒక్కచోట కూడా లేవు. అయినా చదివినవాళ్లకు అవన్నీ తెలుస్తాయి. సమస్య ఏమిటి, మీ వంతు ఏది, ఏం ప్రయత్నించారు, ఏమైంది, ఏది తేలలేదు అన్న వరుసలో నడిచింది కాబట్టి. చివరి అంశాన్ని చాలామంది దాచేస్తారు, ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుందని. పరిశోధన కోర్సుకు అదే మీ బలం: తేలని ప్రశ్నే మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్తోంది.

చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాలవాళ్లు అంకెల స్థానంలో ఆధారాలు చెప్పాలి. ఏ రికార్డులు చూశారు, వాటిలో ఏది ఊహించినట్టు లేదు, దాంతో మీ వాదన ఎటు తిరిగింది అని. ప్రాజెక్టులు ఐదున్నా రెండింటినే లోతుగా రాయండి. మిగతావి సీవీలో ఉంటాయి.

టీమ్ ప్రాజెక్టులో "నేను" అనాలా, "మేము" అనాలా?

రెండూ. లక్ష్యం, ఫలితం "మాది", మీరు చేసిన భాగం "నాది". అంతా "మేము" అంటే మీరేం చేశారో తెలియదు. అంతా "నేను" అంటే, మీ గైడ్ లేఖలో "నలుగురి బృందం" అని కనిపించిన క్షణాన మీ మాట మీద నమ్మకం పోతుంది.

"ఈ విశ్వవిద్యాలయమే ఎందుకు" అన్న భాగంలో ఏం రాయాలి?

ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ పేరాలో విశ్వవిద్యాలయం పేరు తీసేసి ఇంకో పేరు పెట్టండి. పేరా అప్పుడూ సరిపోతుంటే అందులో ఏమీ లేనట్టే. ర్యాంకు, "ప్రపంచస్థాయి సౌకర్యాలు", నగర సౌందర్యం వాళ్లకు తెలిసినవే.

పీహెచ్‌డీకైతే ఇద్దరు ముగ్గురు ప్రొఫెసర్ల పేర్లు చెప్పి, ఒక్కొక్కరి పనిలో మీ ప్రశ్నకు ఏది దగ్గరో ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. వాళ్ల పేపర్ల శీర్షికలు కాపీ చేస్తే చదివినట్టు కాదు. కనీసం ఈమధ్య వచ్చిన రెండు పేపర్లయినా చదవండి. పేరు వేసేముందు వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారా, సెలవులో ఉన్నారా, కొత్త విద్యార్థులను తీసుకుంటున్నారా అని వాళ్ల వెబ్‌పేజీలో చూడండి. పేరు పక్కన ఎమెరిటస్ అని ఉంటే రిటైరైనట్టు. మామూలుగా అలాంటివారు కొత్త విద్యార్థులను తీసుకోరు. ఒక్కరి పేరే రాయడం కూడా ప్రమాదమే. ఆయన దగ్గర ఆ ఏడాది ఖాళీ లేకపోతే మీ దరఖాస్తు అక్కడితో ఆగిపోవచ్చు. మాస్టర్స్‌కైతే ప్రొఫెసర్లకన్నా కోర్సు నిర్మాణం, ల్యాబ్‌లు, థీసిస్ ఆప్షన్ గురించి రాస్తే సరిపోతుంది.

మార్కులు తక్కువ, బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి. చెప్పాలా వద్దా?

ట్రాన్‌స్క్రిప్ట్ చూసినవాళ్లకు వెంటనే అనుమానం వచ్చేంత తేడా ఉంటే చెప్పండి. రెండు మూడు వాక్యాలు, చివర్లో. ఏం జరిగింది, తర్వాత ఏం మారింది, దానికి రుజువేది. "మూడో సెమిస్టర్‌లో అనారోగ్యంతో రెండు సబ్జెక్టులు పోయాయి. తర్వాతి సెమిస్టర్‌లోనే పూర్తిచేశాను. చివరి నాలుగు సెమిస్టర్ల సగటు 8.6." అంతే. పరీక్షా విధానాన్నీ కాలేజీనీ తిట్టిపోయవద్దు. అదనపు సమాచారం కోసం పోర్టల్‌లో వేరే బాక్సు ఉంటే అక్కడే రాసి, ఎస్‌ఓపీలో ఆ చోటు మిగుల్చుకోండి. ఎవరూ పట్టించుకోని ఒక్క బి గ్రేడ్‌కు సంజాయిషీ ఇస్తే లేని అనుమానం పుట్టించినట్టవుతుంది.

ఇంకా అచ్చుకాని పేపర్‌ను ఎలా చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు. జర్నల్‌కు పంపి జవాబు కోసం చూస్తుంటే "సమీక్షలో ఉంది", రాస్తూ ఉంటే "తయారీలో ఉంది", ఆమోదం వచ్చాకే "ఆమోదం పొందింది". ఈ మూడూ మార్చి రాస్తే పట్టుబడడం చాలా తేలిక. మీ సహరచయితే మీకు సిఫార్సు లేఖ రాస్తుంటారు కదా.

నెట్‌లో దొరికే నమూనాలు, ఏఐ టూల్స్ వాడుకోవచ్చా?

నమూనాలు ఎలా సాగాయో చూడటానికి చదవండి, వాక్యాలు తీసుకోవడానికి కాదు. ఎస్‌ఓపీలను కాపీ గుర్తించే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూసే విశ్వవిద్యాలయాలున్నాయి. ఏఐ విషయంలో ఒక్కో విభాగానిది ఒక్కో నియమం. కొందరు అసలు ఒప్పుకోరు, కొందరు భాష దిద్దుకోవడానికి ఒప్పుకుంటారు, కొందరు వాడితే చెప్పమంటారు. దరఖాస్తు పేజీలో ఆ నియమం చదివి దాని ప్రకారం నడుచుకోండి. నియమం సంగతి పక్కనపెట్టినా, పైన చూపిన ఎక్స్‌రే పేరాలాంటిది ఏ టూలూ మీకు ఇవ్వలేదు. 94 ఎందుకు 71 అయిందో తెలిసింది మీకే. డబ్బు తీసుకుని ఎస్‌ఓపీ రాసిపెట్టేవాళ్ల దగ్గర కూడా ఇదే చిక్కు: వాళ్లకు మీ పని తెలియదు, అందుకే విశేషణాలతో నింపుతారు.

సిఫార్సు లేఖ ఎవరిని అడగాలి?

మామూలుగా మూడు లేఖలు కావాలి. పెద్ద హోదా ఉన్నవారిని కాకుండా మీ పని దగ్గరుండి చూసినవారిని అడగండి. మీకు పాఠం చెప్పని ప్రిన్సిపాల్ రాసిన నాలుగు వాక్యాలకన్నా, ఏడాదిపాటు మీ థీసిస్ చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసిన పేజీన్నర ఎన్నో రెట్లు నయం. పీహెచ్‌డీకి మూడింటిలో కనీసం రెండు మీ చదువు, పరిశోధన తెలిసినవారివి ఉండాలి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు మాస్టర్స్‌కు మేనేజర్ దగ్గర ఒకటి తీసుకోవచ్చు. ల్యాబ్‌లో రోజూ మీతో పనిచేసింది సీనియర్ పరిశోధక విద్యార్థి అయితే, వివరాలు ఆయన ఇచ్చి, ప్రొఫెసర్ రాసి సంతకం చేయడం మంచి దారి. బంధువులు, కుటుంబ స్నేహితులు ఎంత పెద్దవారైనా వద్దు.

మూడు లేఖలూ ఒకే మాట చెబితే రెండు వృథా. ఒకరు పరిశోధన గురించి, ఒకరు క్లాసులో మీ ఆలోచన గురించి, ఒకరు ప్రాజెక్టు నడిపిన తీరు గురించి రాసేలా ఎంచుకోండి.

ఎప్పుడు, ఎలా అడగాలి?

గడువుకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు. అమెరికాలో చాలా పీహెచ్‌డీ గడువులు డిసెంబర్‌లో పడతాయి కాబట్టి అక్టోబర్ దాటనివ్వకండి. "లేఖ రాస్తారా" అని కాకుండా "నా గురించి మీరు బలంగా రాయగలరా" అని అడగండి. సందేహం ఉన్నవారు మర్యాదగా తప్పుకోవడానికి ఆ మాట దారి ఇస్తుంది. నీరసమైన లేఖ కన్నా ఆ తిరస్కరణే మీకు మేలు. ఈమెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే మేడమ్. 2023లో మీ దగ్గర ఆల్గరిదమ్స్ కోర్సు చేశాను, తర్వాత షెడ్యూలింగ్ మీద మినీ ప్రాజెక్టు మీ పర్యవేక్షణలోనే చేశాను. ఈ ఏడాది ఆరు విశ్వవిద్యాలయాలకు పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. మొదటి గడువు డిసెంబర్ 1. నా పని గురించి మీరు బలమైన లేఖ రాయగలిగితే, వివరాలన్నీ ఒకే ఫైల్‌లో పంపుతాను. ఈ సెమిస్టర్ వీలు కాకపోతే ఆ మాట చెప్పినా చాలు మేడమ్."

ఒప్పుకున్నాక పంపాల్సినవి: విశ్వవిద్యాలయాల పట్టిక (కోర్సు, గడువు, టైమ్ జోన్, లింక్ ఏ ఈమెయిల్ నుంచి వస్తుంది), సీవీ, ట్రాన్‌స్క్రిప్ట్, ఎస్‌ఓపీ డ్రాఫ్ట్, ఆమె దగ్గర చేసిన ప్రాజెక్టు రిపోర్టు. వీటికి తోడు ఒక పేజీ గుర్తుచేసే నోట్. ఆమె కోర్సులో మీరు ఏం చేశారో, ఏ సందర్భంలో ఏం చర్చించారో అందులో ఉండాలి. అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది ఈ నోటే. ఏటా వందల మందికి పాఠం చెప్పేవారికి మీ పేరు గుర్తున్నా వివరాలు గుర్తుండవు, వివరాలు లేకపోతే లేఖ విశేషణాల వైపు జారుతుంది. గడువుకు రెండు వారాల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి గుర్తుచేయండి. అది విసిగించినట్టు కాదు.

"నువ్వే రాసుకుని తీసుకురా, సంతకం పెడతా" అంటే?

చాలామందికి ఎదురయ్యే చిక్కు ఇది. లేఖ తామే స్వయంగా రాశామని పోర్టల్‌లో సిఫార్సు చేసేవారితో ధ్రువీకరణ తీసుకునే విశ్వవిద్యాలయాలున్నాయి. మీరు రాసిన లేఖకు అది అబద్ధమవుతుంది. పైగా ఎస్‌ఓపీ, మూడు లేఖలు ఒకే చేతి రాతగా, ఒకే పదాలతో, ఒకే తప్పులతో ఉంటే చదివేవారు ఇట్టే పసిగడతారు. మీ గురించి మీరు రాసుకున్న లేఖలో తోటి విద్యార్థులతో పోలిక కూడా ఉండదు, ఎందుకంటే ఆ సంగతి మీకు తెలియదు.

అప్పుడు ఇలా అనండి: "సర్, లేఖ మీ మాటల్లో ఉంటేనే విలువ ఉంటుంది. మీకు పని తగ్గేలా వివరాలన్నీ పాయింట్లుగా రాసిస్తాను, పది నిమిషాలు మాట్లాడదామా?" చాలామంది ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే ఇంకొకరిని చూసుకోవడమే మంచిది.

లేఖ చూసే హక్కు వదులుకుంటారా అని పోర్టల్ అడుగుతోంది. ఏం చేయాలి?

అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, చేరిన తర్వాత తమ రికార్డులు, వాటితోపాటు ఈ లేఖలు చూసే హక్కు విద్యార్థులకు ఉంది. దాన్ని వదులుకుంటున్నట్టు టిక్ చేయడమే వాడుక. వదులుకోకపోవడం తప్పు కాదు. కానీ విద్యార్థి చూస్తాడని తెలిసి రాసిన లేఖను కమిటీలు అంత గట్టిగా నమ్మవు, కొందరు అధ్యాపకులు రాయడానికే ఇష్టపడరు.

అధ్యాపకులకు: మంచి లేఖలో ఏముండాలి?

పేజీ నుంచి పేజీన్నర. సంస్థ లెటర్‌హెడ్, తేదీ, సంతకం, అధికారిక ఈమెయిల్ ఉండాలి. వ్యక్తిగత ఈమెయిల్ నుంచి పంపితే కొన్ని విభాగాలు అదనపు ధ్రువీకరణ అడుగుతాయి.

మొదటి పేరాలో ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా, ఏ హోదాలో తెలుసో చెప్పండి. వెంటనే పోలిక: "ఎనిమిదేళ్లలో ఈ కోర్సు చదివిన సుమారు 500 మందిలో మొదటి పదిమందిలో ఉంటుంది." కమిటీ ముందుగా వెతికేది ఈ వాక్యాన్నే. పోర్టల్‌లో కూడా పై 5 శాతమా, 10 శాతమా అని గడులు ఉంటాయి. లేఖలో ఒకటి చెప్పి గడిలో ఇంకొకటి టిక్ చేస్తే విద్యార్థికే నష్టం.

తర్వాత ఒకటో రెండో సంఘటనలు, వివరంగా. "చాలా తెలివైనది" అనే బదులు: "పుస్తకంలో ఉన్న నిరూపణలో ఒక మెట్టు సరిపోవడం లేదని మూడో వారంలో నా దగ్గరకు వచ్చింది. ఏ సందర్భంలో అది పొరపాటవుతుందో ఉదాహరణ కూడా తెచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఆ పాఠం నేను మార్చి చెబుతున్నాను." ఇది ఒక్కటి ఉంటే విశేషణాలు అక్కర్లేదు.

"క్రమశిక్షణ గలవాడు, వినయశీలి, హాజరు బాగుంది" అన్న మాటలు మన దగ్గర మెచ్చుకోలే. కమిటీ మాత్రం చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదేమో అనుకుంటుంది. మార్కుల జాబితా, కాలేజీ చరిత్ర కూడా అనవసరం. విద్యార్థి ఆరోగ్యం, పెళ్లి, కుటుంబ విషయాలు అతని అనుమతి లేకుండా రాయకండి.

అమ్మాయిలకు రాసేటప్పుడు ఒకసారి వెనక్కి చదువుకోండి. 2003లో ట్రిక్స్, సెంకా అనే పరిశోధకులు అమెరికాలో వైద్య అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన 300కు పైగా లేఖలను పరిశీలించారు. మహిళల గురించి రాసినవి పొట్టిగా ఉండటం, సందేహం కలిగించే మాటలు వాటిలో ఎక్కువగా కనిపించడం గమనించారు. "ఓపిక, సహకారం" దగ్గరే ఆగిపోయారా, ఆమె సాధించినదాని దాకా వెళ్లారా అని చూసుకోండి.

లేఖలో లోపం గురించి రాయవచ్చా?

నిజమైన, దిద్దుకోగల లోపం ఒకటి రాస్తే మిగతా లేఖ నమ్మదగ్గదిగా ఉంటుంది. ఉదాహరణకు "మొదట్లో ఫలితాలు రాసిపెట్టడంలో అలసత్వం ఉండేది, చెప్పాక రెండో నెల నుంచి లాగ్‌బుక్ పక్కాగా ఉంచాడు". "పని ఎక్కువ చేయడమే అతని లోపం" లాంటివి ఎవరూ నమ్మరు. చెప్పడానికి మంచి ఏమీ లేకపోతే లేఖ ఒప్పుకోకండి.

గడువు దగ్గరపడింది, ఒక లేఖ ఇంకా రాలేదు. ఇప్పుడేం చేయాలి?

మీ వంతు దరఖాస్తు ఆపకండి, గడువులోపే సబ్మిట్ చేయండి. చాలా పోర్టల్స్‌లో లేఖ తర్వాత కూడా చేరుతుంది, కొన్ని విభాగాలు కొద్దిరోజులు చూస్తాయి. ఎన్నిరోజులో విభాగం కోఆర్డినేటర్‌కు ఈమెయిల్ చేసి అడగండి. లింక్ స్పామ్‌లో పడి ఉండొచ్చు కాబట్టి పోర్టల్‌లో "రిమైండర్" బటన్ నొక్కి, ప్రొఫెసర్‌కు ఫోన్ చేసి ఆ ఫోల్డర్ చూడమనండి. మొదట్లోనే నాలుగో వ్యక్తిని సిద్ధంగా ఉంచుకుంటే ఈ గండం ఉండదు.

సబ్మిట్ నొక్కేముందు ఏం చూసుకోవాలి?

పీడీఎఫ్ తెరిచి విశ్వవిద్యాలయం పేరు, కోర్సు పేరు వెతకండి. ఆరు చోట్లకు ఒకే ఎస్‌ఓపీ మార్చి పంపేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు పక్క విశ్వవిద్యాలయం పేరు వదిలేయడం. ఫైల్ పేరులో "ఫైనల్ 7" లాంటివి లేకుండా మీ పేరు, పత్రం పేరు మాత్రమే ఉంచండి. పోర్టల్ బాక్సులో నేరుగా అతికించాల్సి వస్తే బోల్డ్, బుల్లెట్లు, ప్రత్యేక అక్షరాలు చెదిరిపోతాయి, కాబట్టి ప్రివ్యూ చూడండి. గడువు రాత్రి 11.59 అని ఉంటే అది ఏ టైమ్ జోన్‌లోనో చదవండి. ఎస్‌ఓపీని ఒకసారి గట్టిగా చదివి వినండి. ఊపిరి అందని వాక్యం దొరికితే దాన్ని రెండు చేయండి.